టైపమ్మగారి స్టూలు

మా మనవరాలికి గోదాములంటే ప్రాణమట. అది పుట్టిన దగ్గర్నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాను, ఈ సంగతి నాకు మొన్నామధ్య ఒక బుధవారం దాకా తెలియదు. 'సరుకుల రవాణా వ్యవస్థ పట్ల నాకు చిన్ననాటి నుండి ప్రగాఢమైన అనురక్తి కలదు' అని దాని ఉద్యోగపు దరఖాస్తులో ఉంది. ఉన్నది ఇంగ్లీషులో, తెలుగు నాది. చిన్ననాటి నుండి! చిన్ననాడు ఆ పిల్లకి అనురక్తి ఉన్నది మరమరాల ఝాల్‌ముడీ మీద ఒక్కటే. పొట్లం కట్టే కాగితం కూడా నాకేసేది.

"ఎవులు రాసినారమ్మా ఇది?" అన్నాను.

"ఏఐ రాసింది తాతా."

"అది మనింటికి ఎప్పుడొచ్చింది?"

"రాడమేటి తాతా, ఫోన్లో ఉంటాది. నా పేరూ, డిగ్రీ, ఏ ఉద్యోగమో చెప్తే అర నిమిషంలో రాసేస్తాది."

"నిన్నెప్పుడు చూసిందని రాసింది?"

"అరే బాబా! అందరూ ఇలగే రాస్తన్నారు. నానొక్కదాన్నే సాదాగా రాస్తే ఎవులు సూస్తారు?"

నాకు కోపం వచ్చింది. నేను తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా నా అంతట నేను, పాత పేపర్లూ చేతికందిన పుస్తకాలూ ముందేసుకుని చదివింది. ఒక్కో ఇంగ్లీషు మాటకీ ఒక్కో మధ్యాహ్నం పట్టింది నాకు. అర నిమిషంలో పేజీన్నర అనురక్తి రాసి పారేసే వస్తువును చూస్తే నాకెలా ఉంటుంది? అయినా అరవలేదు. ఆ పిల్ల బీకాం ప్యాసై రెండేళ్ళయింది. దరఖాస్తులు పెట్టీ పెట్టీ విసిగిపోయింది. ఒక్కచోటి నుంచీ 'అందింది' అన్న ముక్క కూడా రాలేదు. ఇప్పుడు హైవే పక్కన కొత్త గోదాములో డిస్పాచ్ అసిస్టెంట్ పోస్టు పడింది. గురువారం సాయంత్రం అయిదింటికి గడువు. "ఇదీ రాకపోతే ఇంక ఎక్కడా పెట్టను తాతా, తేల్చీసినాను" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

ఆ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు టైపమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడే ఉంటే ఎర్ర పెన్సిలు సగం అరిగిపోయేది.

ఆవిడ అసలు పేరు మా రైల్వే క్వార్టర్ల పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరూ పలకలేదు. వర్క్‌షాపు ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు కాబట్టి టైపమ్మగారు. ఇంట్లో ఒక సొంత టైపు మెషిన్ ఉండేది. దానికి దుమ్ము పడకుండా భర్తగారి పాత ఖాకీ చొక్కా తొడిగి, మెడ దాకా బొత్తాలు పెట్టేవారు. వరండాలో బల్ల మీద అది తలకాయ లేని లావుపాటి మనిషి కూర్చున్నట్టుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు దానికి నమస్కారం పెట్టిన సందర్భాలు నాకు తెలిసి నాలుగున్నాయి. అయిదోది నాదే.

టైపు చేసేటప్పుడు చర్చి పాట ఏదో సన్నగా తీస్తూ ఉండేవారు. వరస చివర గంట టింగుమన్నప్పుడల్లా "ఆమెన్" అని మెషిన్ మీది బండిని వెనక్కి తోసేవారు. పాట మధ్యలో ఉన్నా సరే ఆమెనే. ఒక పేజీ దరఖాస్తుకి ముప్పై ఆమెన్లు పడేవి. మా వీధిలో హిందువుల ఇళ్ళే ఎక్కువైనా, ఉద్యోగం దరఖాస్తుకి అన్ని ఆమెన్లు పడటం మంచిదనే అందరి నమ్మకం. ఒక సారి ఇరవై ఆరే పడ్డాయని ఒకడు గొడవపడి ఇంకో వాక్యం వేయించుకున్నాడు కూడా.

ఎర్ర పెన్సిలు కొప్పులో ఉండేది. పెన్సిలు కొప్పులోంచి బయటికి వచ్చిందంటే మన కాగితానికి మూడిందన్నమాటే.

అయితే ఆవిడ దరఖాస్తు రాసేవారని అనుకుంటే పొరపాటు. చచ్చినా రాసేవారు కాదు. "మీరు రాసుకు రండి, నేను టైపు కొడతాను" అనేవారు. టైపు కొట్టే ముందు ఒక పద్ధతి ఉండేది. అలాంటి పద్ధతి నేను మరెక్కడా చూడలేదు, వినలేదు.

వాళ్ళాయన బాయిలర్ షాపులో రివెట్లు కొట్టి కొట్టి చెవుడొచ్చిన మనిషి. బాయిలర్ మావయ్య అనేవాళ్ళం. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ప్రపంచం మొత్తాన్ని "ఏటీ?" అని అడుగుతూ ఉండేవాడు. ఆయన ఎడమ పక్కన ఒక ఇనప స్టూలు. దరఖాస్తు పట్టుకొచ్చినవాడు ఆ స్టూలు మీద కూర్చుని, తాను రాసినదంతా మావయ్యకి చదివి వినిపించాలి. ఆయనకి ఇంగ్లీషు రాదు, అందుకని తెలుగులో చెప్పాలి. ఆయనకి వినపడదు, అందుకని అరవాలి. ఒక్కో వాక్యానికి ఆయన మూడుసార్లు "ఏటీ?" అనేవాడు. మూడోసారి కూడా తడబడకుండా అరవగలిగితే ఆ వాక్యం ఉంటుంది. లేకపోతే పెన్సిలు కొప్పులోంచి వస్తుంది.

క్వార్టర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండే వీధి. ఈ చివర అరిస్తే ఆ చివర పప్పులో తాలింపు ఆగుతుంది. 'నేను మద్యపానమునకు దూరముగా ఉందును' అని రాసుకొచ్చినవాణ్ణి నేను చూశాను. మొదటిసారి "నేను తాగను!" అని దర్జాగా అరిచాడు. రెండోసారికి "ఎక్కువ తాగను!" అయింది. మూడోసారికి గొంతు తగ్గి "పండగలకి మాత్రమే" అయింది. అప్పుడు వాళ్ళావిడ మూడిళ్ళ అవతల నుంచి, "ఏ పండగలో కూడా సెప్పు! మనవి, సాయిబులవి, కిరస్తానోళ్ళవి, అన్నీ సెప్పు!" అంది. టైపమ్మగారు ఆ వాక్యాన్ని కొట్టేసి, "అడగనిది సెప్పకు నాయనా" అన్నారు.

నా వంతు వచ్చింది. టూల్‌రూములో హెల్పరు పోస్టు. పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే చోటు అది. మా నాన్న సర్వీసులో ఉండగానే నాకో ఉద్యోగం పడాలని ఇంట్లో ఒకటే పోరు. ఏం రాయాలో తెలియక గోల్‌బజారులో ఉత్తరాల నమూనా పుస్తకం ఒకటి సంపాదించాను. అందులో అన్ని ఉద్యోగాలకీ ఒకే మనిషి దరఖాస్తు పెడతాడు. మహానుభావుడు! పుట్టుకతోనే నాయకుడు, నిరంతరం కృషి చేస్తాడు, హాకీ ఆడతాడు, చర్చల్లో గెలుస్తాడు. ఆయన పేరు తీసేసి నా పేరు పెట్టాను. చొక్కా తొడుక్కున్న టైపు మెషిన్‌కి నమస్కారం పెట్టి స్టూలు మీద కూర్చున్నాను.

"నేను పుట్టుకతోనే నాయకుణ్ణి!"

"ఏటీ?" అన్నాడు మావయ్య.

"పుట్టుకతోనే... నాయకుణ్ణి!"

ఎదురింట్లో మేకల పిన్ని చీపురు ఆపింది. "ఏ ఊరికిరా? నిన్న కొళాయి కాడ నా బిందె జరపడానికి భయపడి ఒట్టి కుండతో ఎల్లిపోనావు!"

"ఏటీ?" అన్నాడు మావయ్య మళ్ళీ.

నేను కాగితంలో రెండో వాక్యం వెతుక్కున్నాను. పెన్సిలు బయటికి వచ్చింది.

"నిరంతర కృషి నా ఊపిరి!"

దానికి రెండో "ఏటీ?" అవసరం కూడా రాలేదు. మా అమ్మ మా ఇంట్లోంచే, "ఊపిరంట! ఎనిమిదింటికి లేపితే ఎక్కెక్కి ఏడుస్తాడు!" అంది. సొంత తల్లి!

హాకీ పోయింది. చర్చాపోటీలు పోయాయి. చివరికి నా పేరు, నాన్న పేరు, క్వార్టరు నెంబరు, తొమ్మిదో తరగతి తప్పిన వైనం మిగిలాయి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఏం మిగల్లేదండీ" అన్నాను.

టైపమ్మగారు పెన్సిలు కొప్పులో దోపుకుని, "ఆఫీసులో ఇన్నేళ్ళు దరఖాస్తుల కట్టలు చూసినాను నాయనా. ఆ కట్టలో ప్రతివోడూ పుట్టుకతో నాయకుడే. అంతమంది నాయకులుంటే ఈ వర్క్‌షాపు ఈపాటికి రెక్కలొచ్చి ఎగిరిపోయుండేది. ఆఫీసరు సాయిబు మొదటి వరస చదివి పక్కన పడేస్తాడు. నీ కాగితంలో నువ్వు లేవు. ఇప్పుడు చోటు ఖాళీ అయింది కదా, వచ్చి కూర్చో" అన్నారు.

నేను కూర్చోలేదు. నాలో కూర్చోబెట్టదగినది ఏముందో నాకు తెలిస్తే కదా!

అప్పుడు మేకల పిన్ని చీపురుతోనే వీధి దాటి వచ్చింది. "ఆడి కళ్ళ సంగతి రాయరేటమ్మా? నా మేక మూడుసార్లు తప్పిపోనాది. మూడుసార్లూ ఏ క్వార్టరు యెనక సూసినాడో ఈడే సెప్పినాడు. ఈదిలో ఎవులికి తాళంచెవి పోయినా ఈడి కాడికే కదా వస్తారు!" అంది. పక్కింటి నుంచి ఇంకెవరో "నా పట్టకారు కూడా!" అన్నారు.

"ఏటీ?" అన్నాడు మావయ్య.

"ఒకసారి చూసిన వస్తువు ఎక్కడుందో మర్చిపోను!" అని అరిచాను. మూడుసార్లూ అరిచాను. మూడోసారి నాకే వింతగా ఉంది, ఎవరో నిజంగా నా గురించి చెబుతున్నట్టు. వీధిలో ఒక్కళ్ళూ ఎదురు చెప్పలేదు.

దరఖాస్తు నాలుగు వాక్యాలయింది. చివరిది, 'ఈ విషయము మా వీధివారిని విచారించవచ్చును.' ఆమెన్లు పదకొండే.

ఇంటర్వ్యూలో ఆఫీసరు సాయిబు ఆ కాగితం దూరంగా పట్టుకుని చదివి, నన్ను వెనక్కి తిరగమని, తన బల్ల మీద ఏమేమున్నాయో చెప్పమన్నాడు. పన్నెండు వస్తువులు చెప్పాను. పన్నెండోది ఆయన కళ్ళజోడు, ఎడమచేతి వైపు రెండో ఫైలు కింద, కాడ కొస ఒక్కటే బయటికుంది. ఆయన దాన్ని పొద్దుటి నుంచి వెతుక్కుంటున్నాడట. ఆ టూల్‌రూములోనే నేను రిటైరయ్యాను.

ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి పరుగెత్తుకెళితే మావయ్య నన్ను మూడుసార్లు "ఏటీ?" అన్నాడు. మూడోసారికి వీధంతా బయట నిలబడింది. మేకల పిన్ని తన మేకే నాకు ఉద్యోగం వేయించిందని చాలా ఏళ్ళు చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇంకొక్క రోజు సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకేమో, ఏదో సెలవు కాగితం టైపు చేయించుకోవడానికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాకు ముందు ఒక మనిషి ఉంది. రైలు లైను మీద పనిచేస్తూ ఆవిడ భర్త పోయాడు. ఆయన బదులు ఉద్యోగం ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవాలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాకు భయమేసింది. ఈవిణ్ణి కూడా వీధి వినేలా మూడుసార్లు అరిపిస్తారా అని.

టైపమ్మగారు లేచారు. స్టూలు తానే ఎత్తి మావయ్య కుడి పక్కన పెట్టారు.

ఆవిడ కూర్చుంది. చెప్పింది. గుమ్మం దగ్గరున్న నాకే ఒక్క ముక్క వినపడలేదు, అంత చిన్న గొంతు. మావయ్య చెవి వెనక చెయ్యి పెట్టలేదు. "ఏటీ?" అనలేదు. ప్రతి మాటకీ తల ఊపుతూ విన్నాడు. పెన్సిలు కొప్పులోనే ఉంది. ఆ రోజు గంట మోగినప్పుడు ఆమెన్ కూడా పెదాల మీదే అన్నారు.

ఆవిడ వెళ్ళాక నేను ఉండబట్టలేక, "మావయ్యకి కుడిచెవి వినపడుతుందాండీ?" అని అడిగాను.

"గడియారం టిక్కు టిక్కు కూడా వినపడుతుంది" అన్నారు.

"మరి మమ్మల్నందర్నీ ఎడంపక్క కూర్చోబెట్టి..."

"టూల్‌రూములో పని చేస్తన్నావు కదా" అన్నారావిడ, నా కాగితం మెషిన్‌కి ఎక్కిస్తూ. "ఏ పనికి ఏ పనిముట్టో నీకు నేను సెప్పాలా?"

మావయ్య పడక్కుర్చీలోంచి నాకేసి చూసి కన్ను కొట్టాడు. "ఎవులికీ సెప్పకురా అబ్బీ. రిటైరయ్యాక నాకున్న ఉద్యోగం ఇదొక్కటే" అన్నాడు. నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

టైపమ్మగారు పోయిన రోజున వరండాలో టైపు మెషిన్ చొక్కా తొడుక్కుని అలాగే కూర్చుంది. దూరపు ఊరి నుంచి వచ్చిన చుట్టమొకాయన కళ్ళనీళ్ళతో దాని దగ్గరికి వెళ్ళి, "ధైర్యంగా ఉండండి" అనబోయి ఆగిపోయాడు. మావయ్య అది చూశాడు. ఆ రోజంతటికీ ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

సరే, గురువారం మధ్యాహ్నం. గడువు అయిదింటికి. నేను కుర్చీ తెచ్చి వరండాలో వేసుకున్నాను. మా అబ్బాయికీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే క్వార్టరు దొరికింది, అంచేత వరండాకి లోటు లేదు. నాకిప్పుడు రెండు చెవులూ అంతంత మాత్రమే. అబ్బాయి చెవి మెషిన్ కొనిపెట్టాడు. దాన్ని తీసి జేబులో వేసుకున్నాను. మనవరాల్ని పిలిచి ఎదురుగా స్టూలు చూపించాను.

"నీ దరఖాస్తు నాకు చదివి వినిపించు. తెలుగులో."

"నీకు ఇంగ్లీషొచ్చు కదా తాతా!"

"ఇవాళ రాదు."

పిల్ల ఫోను చూసుకుంటూ ఏదో అంది.

"ఏటీ?" అన్నాను.

"సరుకులు ఒక సోటి నుంచి ఇంకో సోటికి పంపడమంటే నాకు సిన్నప్పట్నుంచి ప్రాణం!"

"ఏటీ?"

"సరుకులు... అబ్బ, తాతా! సెవి మెషిన్ ఎట్టుకో!"

"ఏటీ?"

మూడోసారి గట్టిగానే అరిచింది. అరుస్తూ అరుస్తూ మధ్యలో పడి పడి నవ్వడం మొదలెట్టింది. పక్క క్వార్టరు బౌది అప్పటికే గోడ మీంచి తల పెట్టింది. ఆవిడ బెంగాలీ ఆవిడ, బౌది అంటే వాళ్ళ భాషలో వదిన. ఇరవై ఏళ్ళుగా మా పక్కన ఉండి తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం మూడు భాషలు ఒకే రిక్షాలో వస్తాయి.

"కీ హొలో? కిస్‌కా ప్రాణం పోయింది?" అంది.

"ఎవులికీ ఏటీ కాలేదు బౌదీ. ఉద్యోగం దరఖాస్తు!" అంది మనవరాలు.

బౌది మొత్తం విన్నది. అర్థం చేసుకోవడానికి ఒక నిమిషం పట్టింది. ఆ తర్వాత గోడ మీద చెయ్యి వేసి ఒక్క కసురు కసిరింది. నాకు వినపడేంత గట్టిగా. "పాగలీ! భోగ్ కూపన్ రాయలేదా? ప్రతి పూజకీ ఖిచుడీ లైన్లో ఝగడా, మారామారీ. పోయినసారి నువ్వు కూపన్ చూశావు, ఒక్క ఝగడా నహీ! మా అత్తగారికి కూడా వేడి ఖిచుడీ దొరికింది, జిందగీలో పహలీ బార్! అది రాయవు, ఎవడి ప్రాణమో రాస్తావు!"

దుర్గాపూజకి మా వీధి పందిట్లో మధ్యాహ్నం ఖిచుడీ పెడతారు. దాన్నే భోగ్ అంటారు. వీధి మొత్తం ఒకేసారి గిన్నెలు పట్టుకుని వచ్చి పడుతుంది. ఈ పిల్ల పోయినసారి కూపన్ల మీద టైము వేసింది. ముసలివాళ్ళకి ముందు, ఈ వరుస ఇళ్ళకి పన్నెండింటికి, ఆ వరుస ఇళ్ళకి పన్నెండున్నరకి. గిన్నె రాకపోతే ఎవరిది రాలేదో పేరు పెట్టి చెప్పింది. అది ఒక పని అని దానికే తెలియదు. మా ఎవరికీ తెలియలేదు.

"ఏటీ?" అన్నాను మనవరాలితో.

"పూజలో భోగ్ అందరికీ టైముకి అందేలాగ నేనే సూసినాను!" అని అరిచింది. రెండోసారి ఇంకా గట్టిగా. మూడోసారి నవ్వలేదు.

మళ్ళీ ఆ ఏఐ దగ్గరికే వెళ్ళింది, ఇంగ్లీషు సరిచెయ్యమని. పోనిచ్చాను. టైపమ్మగారికీ మెషినుండేది. నేను చెవి మెషిన్ మళ్ళీ పెట్టుకున్న కాసేపటికి లోపల్నుంచి కేక.

"తాతా! ఇది మళ్ళీ అనురక్తి ఎట్టీసింది!"

"తీసెయ్."

"తీసినాను. మళ్ళీ ఎట్టింది. ఇది మూడోసారి!"

"దానికి సిగ్గు లేదమ్మా. నీకుంది కదా, నువ్వే తియ్యి."

నాలుగున్నరకి పంపించింది. అరపేజీ. ఆ ఏఐ మీద నా కోపం మాత్రం అలాగే ఉంది, తగ్గే ఉద్దేశం కూడా లేదు.

పది రోజులకి ఇంటర్వ్యూకి పిలిచారు. వెళ్ళొచ్చి, ఖిచుడీ గురించి తప్ప ఇంకేమీ అడగలేదని చెప్పింది. రాని గిన్నెలు ఎలా పట్టుకున్నావని అడిగారట. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఎవరి ఫోను మోగినా అందరం తలలెత్తి చూశాం.

నిన్న పొద్దున్న నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను. మనవరాలు ఫోను చేత్తో పట్టుకుని వచ్చి, నా పక్కన వంగి, చెవి దగ్గర మెల్లిగా చెప్పింది. ఉద్యోగం వచ్చిందని. ఒకటో తారీఖున చేరాలని.

స్పష్టంగా వినపడింది. ఒక్కో అక్షరం వినపడింది. పేపరు మడిచి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాను.

"ఏటీ?"

పిల్ల నాకేసి ఒక క్షణం చూసింది. "మెషిన్ సెవిలోనే ఉంది తాతా, కనపడతనే ఉంది" అంది.

అని, గుండెల నిండా గాలి పీల్చుకుని, వీధి వైపు తిరిగింది.